బాలన్న చదివిన చీటీ

బాన్సువాడ,
27 జూలై 2025, ఆదివారం.

లతకు, అత్తమ్మ ప్రేమల దీవించి రాసేది.

భాగ్య రెండు రోజులూ హుషారుగానే ఉంది. బెండకాయ కూర ముట్టలేదు, పప్పుచారుతో మాత్రం రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. తల రుద్ది నీళ్ళు పోశాను. ఎడమ చెప్పు తెగితే మోచీ దగ్గర కుట్టించాను, కొత్తవి కొనకు, ఇంకో ఆరు నెలలు వస్తాయి.

ఎప్పటిలాగే ఈ ఉత్తరం దాని బ్యాగులో, హిందీ పుస్తకంలో పెడుతున్నాను. మా దయానంద్ ఐదింటి బస్సుకు దాన్ని తీసుకుని వస్తాడు. ఫోనులో మాట్లాడుకుంటే మధ్యలో వాడు వస్తాడు, వాడొస్తే నీ గొంతు మారిపోతుంది. రాసుకుందాం అత్తమ్మా అని నువ్వన్నావు, మంచి ఆలోచన. నా పదో తరగతి చదువు ఇన్నేళ్ళకు పనికొచ్చింది.

మీరిద్దరూ కోర్టులో విడిపోయి రెండేళ్ళు దాటింది. బిడ్డ తల్లి దగ్గర ఉండాలని, రెండో శనివారం, నాలుగో శనివారం తండ్రి దగ్గరికి పంపాలని కాగితంలో రాశారు. ఇన్ని శనివారాల్లో నువ్వు ఒక్కటీ తప్పించలేదు. జ్వరమనో పరీక్షలనో చెప్పి ఆపేవాళ్ళను చూశాను. నా కొడుకు నిన్ను నొప్పించాడు, నువ్వు మాత్రం నా మనవరాలిని నాకు దూరం చేయలేదు. పొద్దున ప్రార్థనలో నీ పేరు మీద దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు.

ఒక్క సంగతి అడుగుతాను. నిన్న పూరీలు ఒత్తుతుంటే భాగ్య నా పక్కన కూర్చుని, "నానమ్మా, పుణెల అందరు మరాఠీల్నే మాట్లాడుతరా?" అంది. ఎందుకే అంటే, "ఉట్టిగనే" అని పిండి ముద్దతో ఆడుకుంది. ఉట్టిగనే అడిగే పిల్ల కాదు అది. దాని నోట్లోంచి లాగడం నాకు ఇష్టం లేదు. చెప్పదలుచుకుంటే నువ్వే చెప్పు.

ప్రేమల


నిజామాబాద్,
8 ఆగస్టు 2025.

అత్తమ్మకు నమస్కారం.

మీరు భాగ్యను అడగకుండా నన్నే అడిగారు. దానికే మొదట థాంక్స్ చెప్పాలి. రెండు వారాలుగా రాద్దామనుకుంటున్నాను, మీ ముఖం గుర్తొచ్చి ఆగిపోతున్నాను.

పుణెలో ఒక దవాఖానలో స్టాఫ్ నర్సుగా తీసుకున్నారు. పగటి డ్యూటీ మాత్రమే. మా రోజారాణి అక్క వాళ్ళు ఉండేది ఆ దగ్గర్లోనే. డిసెంబర్ ఒకటిన చేరాలి. ఇక్కడ నెలలో సగం రోజులు నాకు రాత్రి డ్యూటీ. ఆ రోజుల్లో భాగ్య పక్కింటి గంగుబాయి దగ్గర పడుకుంటుంది. ఆమె మంచిదే, ఏ లోటూ చేయదు. కానీ పొద్దున లేవగానే భాగ్య నన్ను అడిగే మొదటి మాట, "ఇయ్యాల నువ్వా, గంగవ్వనా?" ఆ మాట వినలేకనే నేను దరఖాస్తు పెట్టాను. మీ నుంచి దాన్ని దూరం తీసుకుపోవాలని కాదు.

కాగితం ప్రకారం బిడ్డను వేరే రాష్ట్రంలో ఉంచాలంటే తండ్రి ఒప్పుకుని సంతకం పెట్టాలి. లేకపోతే నేను మళ్ళీ కోర్టుకు పోవాలి. అక్కడ ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆయనకు నేనే చెప్తాను, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా. సెప్టెంబర్‌లో భాగ్యను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు చెప్తాను. అంతవరకు ఈ మాట మీ దగ్గరే ఉంచండి.

లత


బాన్సువాడ,
10 ఆగస్టు 2025, ఆదివారం.

లతకు,

నీ ఉత్తరం అందింది. మంచి వార్త. పగటి డ్యూటీ అంటే నీకూ నిద్ర ఉంటుంది, నీ కళ్ళ కింద నలుపు తగ్గుతుంది.

పుణె ఎంత దూరమో చెప్పమని ఎదురింటి మాధురిని అడిగాను, ఎందుకో చెప్పలేదు. బస్సులో పన్నెండు గంటల పైనే పడుతుందని ఫోనులో చూసి చెప్పింది.

నువ్వు అడిగినట్టే ఎవరికీ చెప్పను, దేవునికి తప్ప.

ఈసారి ఉత్తరం చిన్నదైంది. పెళ్ళి జాకెట్లు కుట్టాల్సినవి చాలా ఉన్నాయి.

ప్రేమల


నిజామాబాద్,
28 ఆగస్టు 2025.

ప్రేమల గారికి,

ఇది పోస్టులో వేస్తున్నాను. భాగ్య బ్యాగులో పెట్టాలనిపించలేదు.

ఆదివారం సాయంత్రం అది మీ దగ్గర నుంచి వచ్చి, చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడింది. "అమ్మా, నేను గూడ ఆమేన్ అన్న. వాపస్ తీసుకోవచ్చా?" అంది. ఏమిటో నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే చర్చిలో జరిగింది చెప్పింది. మీ సంఘపెద్ద మైకులో ఒక ప్రార్థన చీటీ చదివాడట. ఒక సహోదరి మనవరాలిని తల్లి పుణెకు తీసుకుపోతున్నది, దేవుడు ఆ ఉద్యోగపు తలుపు మూసివేయాలి అని. అందరూ ఆమేన్ అన్నారట. అందరితోపాటు నా బిడ్డ కూడా అంది.

నిన్న ఆయన వకీలు నుంచి నోటీసు వచ్చింది. బిడ్డను దొంగచాటుగా రాష్ట్రం దాటించాలని చూస్తున్నానట. ఇంకో రెండు వారాలు ఆగితే నేనే ఆయన ముందు కూర్చుని చెప్పేదాన్ని. ఇప్పుడు ఏం చెప్పినా దొరికిపోయి చెప్పినట్టే ఉంటుంది.

దేవునికి తప్ప ఎవరికీ చెప్పనన్నారు. దేవునికి ఏమని చెప్పారో ఇప్పుడు తెలిసింది. మీరు నాతో అబద్ధం ఆడలేదు, నాకు అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

శనివారాలు మాత్రం ఆగవు. పదమూడున భాగ్య వస్తుంది.

లత


బాన్సువాడ,
2 సెప్టెంబర్ 2025.

లతకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పు నాది. ఎలా జరిగిందో చెప్తాను, తప్పు తగ్గించుకోవడానికి కాదు, భాగ్య చెప్పనిది కూడా నీకు తెలియాలని.

మా చర్చిలో గడప పక్కన చెక్కపెట్టె ఉంటుంది, నీకు గుర్తుండే ఉంటుంది. కష్టం ఉన్నవాళ్ళు పేరు రాయకుండా చీటీ వేస్తారు. పాస్టరు అయ్యగారు వాటిని తీసి, మోకాళ్ళ మీద ఉండి, తనలో తానే చదువుకుని ప్రార్థన చేస్తారు. బయటికి చదవరు. ఆ నమ్మకంతోనే అందరం రాస్తాం. ఆ ఆదివారం అయ్యగారు పెళ్ళి జరిపించడానికి పెద్ద కొడప్‌గల్ పోయారు. ఆయన బదులు సంఘపెద్ద బాలన్న నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఆటోలో మైకు పట్టుకుని ఊరంతా చాటింపు చేసిన మనిషి. ఆయనకు మనసులో చదవడం రాదు. పెట్టె తెరిచి, ఒక్కో చీటీ మైకులో చదివాడు.

మొదటిది ఎవరిదో మోకాలి నొప్పి. రెండోది ఎవరిదో బర్రె ఈనడం. ఆడవాళ్ళలో ముసిముసి నవ్వులు మొదలయ్యాయి, నేను కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మూడోది నాది.

చీటీలో పేరు లేదు. పుణె అనే మాట వినగానే భాగ్య నా వైపు తిరిగింది. దాన్ని చూసి మగవాళ్ళ దిక్కు నుంచి దయానంద్ తిరిగాడు. ఇక పేరెందుకు.

బాలన్న సాయంత్రం ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "చెల్లె, నా గొంతు నిన్ను ఆగం చేసింది, మాఫ్ చెయ్యి" అన్నాడు. "గొంతు నీది గని మాట నాదే కదా బాలన్న" అన్నాను. చాయ్ తాగకుండానే పోయాడు పాపం.

ఆ చీటీ రాసేటప్పుడు నేను నీ గురించి తలచలేదు, బిడ్డ గురించి కూడా కాదు. నెలకు రెండు శనివారాలు నాకు మిగలాలని రాశాను. మోకాళ్ళ మీద ఉండి రాసినా స్వార్థమే.

ఇంకొకటి కూడా రాయాలి. ఇది ఎవరూ మైకులో చదవనిది. నాలుగేళ్ళ కింద, నువ్వు ఇక్కడి దవాఖానలో చేసేటప్పుడు, దయానంద్ నీ రాత్రి డ్యూటీల మీద ఒక మాట అన్నాడు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. అది తప్పు మాటని నాకు తెలుసు. నీకు అన్నం డబ్బా తెచ్చి ఇచ్చేది నేనే. నువ్వు మంచానికీ మంచానికీ మధ్య పరుగెత్తడం, చేతులు కడుక్కోవడానికి కూడా తీరిక లేకపోవడం నా కళ్ళతో చూశాను. వాడు ఆ మాట అన్నప్పుడు బయటికొచ్చి, నేను చూసిన రా, అనాల్సింది. అనలేదు. నన్ను అందరూ మెత్తని మనిషి అంటారు. ఆ రోజు నాలో ఉన్నది మెత్తదనం కాదు, కొడుకంటే భయం.

నువ్వు నన్ను క్షమించాలని అడగడం లేదు. ఇంత జరిగినా శనివారం పంపిస్తానని రాశావు. ఆ ఒక్క వాక్యానికే నీకు రుణపడి ఉంటాను.

ప్రేమల


నిజామాబాద్,
26 సెప్టెంబర్ 2025.

అత్తమ్మకు,

వెంటనే జవాబు రాయలేకపోయాను. ఆ మాట విన్నామని, అది తప్పని, ఆ ఇంట్లో ఎవరో ఒకరు అంటారేమోనని చాలా కాలం ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడడం మానేశాను. ఇప్పుడు వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిన్న మా అక్క ఫోను చేస్తే భాగ్య నా చేతిలోంచి లాక్కుని, "మావశీ, బస్ కధీ యేతే?" అంది, బస్సు ఎప్పుడొస్తుందని. అక్క అవతల ఒకటే నవ్వు. మంచినీళ్ళు అడగడం, బస్సు అడగడం, ఇంటికి పోవాలని చెప్పడం, ఒకటి నుంచి యాభై దాకా అంకెలు, అన్నీ మరాఠీలో చెప్పింది. ఎవరు నేర్పారే అంటే, "నానమ్మనే. నానమ్మ తల్లిగారూరు దెగ్లూరు దిక్కు గదా, నీకు తెల్వదా?" అంది. నిజంగానే నాకు తెలియదు. ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, మీకు మరాఠీ వచ్చా అని నేనెప్పుడూ అడగలేదు.

దాన్ని దూరం తీసుకుపోయే ఊరి భాషను మీరే నేర్పుతున్నారు. ఆ సంగతి నాకు ఒక్క ముక్క కూడా రాయలేదు.

వాయిదా అక్టోబర్ 31న. ఆయన ఒప్పుకోకపోతే ఉద్యోగం వదులుకోవడమా, బిడ్డను ఇక్కడ వదిలి పోవడమా అని జడ్జిగారు అడుగుతారని మా వకీలు అంటున్నాడు. వదిలి పోయేది లేదు. అంటే రాత్రి డ్యూటీలే. మిమ్మల్ని కోర్టుకు రమ్మని మాత్రం నేను అడగను. ఆయన మీ కొడుకు.

లత


బాన్సువాడ,
18 అక్టోబర్ 2025.

లతకు,

భాగ్య నీకు కొంత చెప్పే ఉంటుంది. మిగిలింది నేను చెప్తాను.

పన్నెండో తారీఖు ఆదివారం ఆరాధనలో అయ్యగారు ఎప్పటిలాగే సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నారు. జబ్బు తగ్గినవాళ్ళు, పిల్లలు పాసైనవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. ముప్పై ఏళ్ళలో నేను ఒక్కసారీ లేవలేదు. ఈసారి లేచాను. మైకు వద్దన్నాను, బాలన్న పట్టుకొచ్చి చేతిలో పెట్టాడు.

"ఆగస్టుల బాలన్న చదివిన చీటీ నాది" అన్నాను. "నా మనుమరాలి తల్లికి దొరికిన ఉద్యోగం పోవాల్నని రాసిన. అది పాపం. తెల్వక మీరందరు ఆమేన్ అన్నరు. ఇయ్యాల ఇంకో ప్రార్థన చెప్త, ఇష్టమున్నోల్లు దీనికి అనుండ్రి. మా లతకు పగటి డ్యూటీ దొరికినందుకు దేవునికి స్తోత్రం."

ముందు భాగ్య ఆమేన్ అంది, చర్చి చివరిదాకా వినబడేటట్టు. ఆ తర్వాత బాలన్న. ఆ తర్వాత అందరూ. దయానంద్ అనలేదు, లేచి బయటికి పోయాడు.

భాగ్యను నీ దగ్గర దింపి వచ్చాక వాడు నా ముందు నిలబడ్డాడు. "సంఘం ముందల నా ఇజ్జత్ తీసినవ్ కదమ్మా" అన్నాడు.

"నాది తీసుకున్న. నీది ముట్టలే."

"నువ్వు ఎవల దిక్కు?"

"జడ్జిగారు అడిగితే లత దిక్కే చెప్త. డ్యూటీల మీద నువ్వన్న మాట తప్పని గూడ చెప్త. నాలుగేండ్ల కిందనే చెప్పాల్సింది."

నాలుగు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, కంచం తానే కడిగాడు. నిన్న పొద్దున మాత్రం ఆఫీసుకు తయారై, చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు, నా వైపు చూడకుండానే. "భాగ్య నన్ను మర్చిపోతదా అమ్మా?"

ఇన్నాళ్ళూ వాడిది కోపమనుకున్నాను లతా. నేను చీటీ ఎందుకు రాశానో వాడు నోటీసు కూడా అందుకే పంపాడు. వాడిని కూర్చోబెట్టి, మర్చిపోకుండా ఉండాలంటే నువ్వు పోవాలె బిడ్డా, అది వచ్చుడే కాదు, అన్నాను. వాడికి ఆఫీసుకు ఆలస్యమైంది.

సంతకం పెడతానన్నాడు. వాడు అడిగేవి ఇవి. నెలకు ఒక శనివారం వాడే పుణెకు వస్తాడు. ఎండాకాలం సెలవుల్లో సగం భాగ్య ఇక్కడ ఉండాలి. ఆదివారం సాయంత్రం ఫోనులో ముఖం చూపించాలి. నీకు సమ్మతమైతే వకీళ్ళకు చెప్పి రాయించుకుందాం. సమ్మతం కాకపోతే నాకు రాయి, మళ్ళీ మాట్లాడతాను. ఇప్పుడు నాకు మాట్లాడడం కొంచెం అలవాటైంది.

ప్రేమల


పుణె,
14 డిసెంబర్ 2025.

అత్తమ్మకు,

ఇక్కడి నుంచి ఇది నా మొదటి ఉత్తరం. భాగ్య, నేను బాగున్నాం. రెండు గదుల ఇల్లు, పొద్దున వంటింట్లోకి ఎండ వస్తుంది. సాయంత్రం ఆరున్నరకల్లా నేను ఇంట్లో ఉంటున్నాను. మొదటి వారం భాగ్య పొద్దున్నే అలవాటు కొద్దీ ఇయ్యాల నువ్వా అని అడగబోయి ఆగిపోయేది. ఈ వారం అడగడమే మరిచిపోయింది.

స్కూల్లో మొదటిరోజు టీచరుతో దాహమేస్తోందని మరాఠీలో చెప్పిందట. తెలంగాణ నుంచి వచ్చిన పిల్లకు ఇంత బాగా ఎలా వచ్చిందని నన్ను అడిగారు. మీ సంగతి చెప్పాను.

నిన్న ఆయన వచ్చాడు. రాత్రంతా రైల్లో కూర్చునే వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీరు పంపిన సకినాలు, పల్లీల పొడి అందాయి. భాగ్య ఆయనను బస్టాపు నుంచి చేయి పట్టుకుని తీసుకొచ్చింది, దారంతా తనే చెప్పుకుంటూ. ఈరోజు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడి, చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. "డ్యూటీల సంగతి... నేను అన్నది తప్పు. అమ్మ చెప్పుమన్నదని కాదు." సరే అన్నాను. మేం మళ్ళీ కలిసి ఉండేది లేదు, అది ఆయనకూ తెలుసు. కానీ వంట చేస్తుంటే నా భుజాలు తేలికగా ఉన్నట్టు అనిపించింది. అక్టోబర్‌లో సంతకాలయ్యాక కోర్టు బయట మీరు నా చేయి పట్టుకున్నప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. చర్చిలో మీరు లేచి నిలబడకపోతే నేను ఈ వంటింట్లో ఉండేదాన్ని కాదు.

ఇప్పుడు ఒక పని పడింది. జనవరిలో రెండు వారాలు నాకు దవాఖానలో ట్రైనింగ్ ఉంది, సాయంత్రం ఏడు దాటుతుంది. స్కూలు వాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. తల్లిదండ్రులు కాకుండా పిల్లను గేటు దగ్గర ఎవరికి అప్పగించవచ్చో అందులో రాయాలి. ఒక్క పేరే రాయాలట, పక్కన ఫోటో అతికించాలట. మా అక్క నాలుగు వీధుల అవతలే ఉంటుంది, ఆమె పేరు రాయడమే సులువు. అయినా పెన్ను పట్టుకుని భాగ్యను అడిగాను, నానమ్మ అంది. తనకంటే ముందే నేను మీ పేరు అనుకున్నానని దానికి చెప్పలేదు.

పేరు: ప్రేమల. బంధుత్వం: నానమ్మ. రాసేశాను. వస్తారా? టికెట్టు ఆయన చూసుకుంటానన్నాడు. ఫోటో ఒకటి ముందుగా పంపండి.

మీ కోడలు,
లత


బాన్సువాడ,
20 డిసెంబర్ 2025.

నా బిడ్డ లతకు,

వస్తాను. అడగాలా?

నీ ఉత్తరం అందిన రోజే బస్టాండు దగ్గర స్టూడియోకు పోయాను. పెళ్ళప్పుడు తీయించుకున్న తర్వాత మళ్ళీ ఇదే. ఫోటోలు తీసే నర్సింలు ఎందుకక్కా అని అడిగితే, మా మనుమరాలి స్కూల్ల ఇయ్యాలె, దాన్ని తోలుకొచ్చేది నేనే, అని చెప్పాను. ఎవరూ అడగకపోయినా, వరుసలో కూర్చున్న వాళ్ళకు కూడా చెప్పాను.

దేవుడు నేను రాసిన చీటీ విననందుకు ఆయనకు ఎంత స్తోత్రం చెప్పినా తక్కువే. ఆయన విని ఉంటే నాకు రెండు శనివారాలు మిగిలేవి. విననందుకు రెండు వారాలు దొరికాయి.

ఫోటో ఈ కవరులోనే ఉంది. అందులో నా ముఖం గంభీరంగా ఉంటుంది, చూసి భయపడకు. నర్సింలు నవ్వొద్దన్నాడు, నవ్వితే స్కూలు వాళ్ళు ఒప్పుకోరట. నాలుగుసార్లు తీస్తే గానీ నా నోరు మూసుకోలేదు. గేటు దగ్గర ఉండే మనిషికి నువ్వు ముందే చెప్పిపెట్టు. వచ్చే ఆమె నవ్వుతూ వస్తుంది, ఫోటోలో ఉన్నది ఆమేనని.

నానమ్మ